వకీలు పద్దు

మా అమ్మ వంటింటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో పాల పద్దు రాసేది. పూటకో గీత. నెలాఖరుకి పాలాయన వచ్చి గుమ్మంలో నిలబడితే, ఇద్దరూ కలిసి గీతలు లెక్కపెట్టేవాళ్ళు. ఎప్పుడైనా ఒక గీత దగ్గర పేచీ వస్తే, ఆ రోజు ఇంటికి చుట్టాలెవరొచ్చారో, పాలు ఎక్కువెందుకు పోయించుకున్నామో గుర్తు చేసుకునేవాళ్ళు. లెక్క తేలాక డబ్బులిచ్చి, తడిగుడ్డతో గోడ తుడిచేసేది. చాకలి పద్దుకి వేరే నోటుబుక్కు ఉండేది. ఇదంతా చిలకలగూడలో, అరవై ఏళ్ళ కిందటి మాట. తర్వాత నేను బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్ళు లెడ్జర్లు చూశాను గానీ, రెండు పక్షాలూ కలిసి చూసుకునే లెక్క అంటే నాకు ఇప్పటికీ ఆ గోడే గుర్తొస్తుంది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో మా చెల్లెలి కూతురు బుజ్జి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని వచ్చింది. సికింద్రాబాదు ఫ్యామిలీ కోర్టులో మూడేళ్ళు తిరిగితే దాని విడాకుల కేసు అప్పటికి నెల ముందు ముగిసింది. చివరికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. పన్నెండు లక్షలు ఒకేసారి భరణం, పిల్లవాడు తల్లి దగ్గర. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. ఫోల్డరు తెరిస్తే అందులో ఏమీ లేదు, రెండు వాయిదా చీటీలు తప్ప.

"పెద్దమ్మా, ఫైలు మొత్తం వకీలు సాబు దగ్గరనే ఉన్నది. భరణంల పది శాతం కడ్తెనే ఇస్తడంట," అంది.

పది శాతం అంటే లక్షా ఇరవై వేలు. మరి మొదట్లో ఏం మాట్లాడుకున్నారని అడిగాను. ముప్ఫై వేలు అడ్వాన్సు, వాయిదాకి రెండు వేలు, గుమాస్తా ఖర్చులు వేరే. శాతం మాట అప్పుడు రాలేదట. కాగితం రాసుకున్నారా అంటే లేదు. రసీదులున్నాయా అంటే లేవు. ఫోనులో పంపినవి కొన్ని కనిపించాయి, చేతికిచ్చినవి జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఫైల్లో డిక్రీ సర్టిఫైడ్ కాపీ, పెళ్ళి సర్టిఫికెట్టు ఒరిజినలు, ఏ అవసరానికి ఇచ్చిందో గాని దాని టెన్త్ మెమో కూడా ఉన్నాయి. పాస్‌పోర్టులో భర్త పేరు తీయించుకోవాలంటే డిక్రీ కావాలి. కంపెనీ వాళ్ళు పూణె బదిలీకి సర్టిఫికెట్లు అడుగుతున్నారు. మూడేళ్ళు మొగుడితో పోట్లాడి బయటపడిన పిల్ల, ఇప్పుడు తన తరఫున పోట్లాడిన మనిషితో పోట్లాడాలి.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన సామెత. ఆ సామెత ఎంత పాతదో తెలీదు గానీ, వకీలు ఫీజు గురించిన చట్టం ఎంత పాతదో చూద్దామని ఆ ఎండాకాలమంతా చదివాను. మొదట బుజ్జి కోసమే. తర్వాత నా కోసం.

*

విడాకుల ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకి మా ఊళ్ళో చాలాకాలం రెండు మూడు జవాబులుండేవి. సికింద్రాబాదు పుట్టుకే అలాంటిది. 1798 సంధి తర్వాత హుస్సేన్‌సాగర్ అవతల దిగిన ఇంగ్లీషు పటాలానికి, 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరి పేరు వచ్చింది. చెరువుకి ఆ పక్క నిజాం కోర్టులు, ఈ పక్క కంటోన్మెంటులో ఇంగ్లీషువాళ్ళ అధికారం. 1945-46లో ఊరు మళ్ళీ నిజాం చేతికి వచ్చేదాకా ఇదే వరస.

1869లో వచ్చిన ఇండియన్ డైవోర్స్ చట్టం క్రైస్తవుల కోసం చేసింది. బ్రిటిష్ ఇండియాలోనే కాదు, సంస్థానాల్లో ఉండే బ్రిటిష్ ప్రజలకి కూడా వర్తిస్తుందని అందులోనే రాశారు. కాబట్టి కంటోన్మెంటు సోల్జరుకీ, రైల్వే గార్డుకీ ఇదే చట్టం. ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తి దాదాపు ఉండేది కాదు. అందుకని ఆమె తన మీద వచ్చిన కేసులో పోరాడటానికి అయ్యే ఖర్చు మొగుడే పెట్టుకోవాలనేది అక్కడి కోర్టుల పద్ధతి. ఇండియాలో కోర్టులు కూడా ఆ సూత్రాలే పాటించాలని చట్టం చెప్పింది. కేసు నడిచినన్నాళ్ళు భార్యకి భరణం ఇవ్వాలి, అయితే అది మొగుడి మూడేళ్ళ సగటు నికరాదాయంలో అయిదో వంతు దాటకూడదు. భార్యకి ఇంకొకరితో సంబంధం ఉందని రుజువైతే, ఆ మూడో మనిషి చేత కోర్టు ఖర్చులు కట్టించవచ్చు. ఆ అయిదో వంతు హద్దు 2001 దాకా చట్టంలో అలాగే ఉండిపోయింది.

హిందువుల సంగతి వేరు. శాస్త్రం విడాకులు ఒప్పుకోదు. కానీ ఆకు చింపి ఇచ్చి తెగతెంపులు చేసుకునే ఆచారం చాలా కులాల్లో ఉంది. 'విడాకులు' అన్న మాటలోనే ఆ ఆకు ఉంది. అక్కడ వకీలు లేడు, కులపెద్దలున్నారు. ఖర్చు మాత్రం ఉంది. తప్పు కట్టాలి, పెద్దలకి కల్లు పోయించాలి. అయితే ఆ తప్పు ఎంతో నలుగురిలో చెప్పేవారు, నలుగురిలోనే కట్టేవారు. మద్రాసు రాష్ట్రం 1949లో హిందువులకి విడాకుల చట్టం తెచ్చింది. కోస్తా, రాయలసీమ ఆడవాళ్ళకి అది దక్కింది. హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న మా వైపు వాళ్ళు 1955 హిందూ వివాహ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ 1955 చట్టంలో 24వ సెక్షను నాకు ఇష్టమైన సెక్షను. సొంతంగా తగినంత ఆదాయం లేనివాళ్ళకి, భార్య గాని భర్త గాని, కేసు నడిచినన్నాళ్ళు మనోవర్తితో పాటు కేసు ఖర్చులు కూడా ఎదుటివాళ్ళ చేత ఇప్పించవచ్చు. డబ్బున్నవాడు వకీలుని పెట్టుకుని, లేనివాళ్ళు చేతులు కట్టుకుని నిలబడితే అది న్యాయం కాదని ఒప్పుకున్నట్టే కదా. నోటీసు అందిన అరవై రోజుల్లో ఈ దరఖాస్తు తేల్చడానికి ప్రయత్నించాలని 2001లో చేర్చారు. బుజ్జి తరఫున ఈ దరఖాస్తు వేయనేలేదు. "నీకు ఉద్యోగం ఉన్నది గద, రాదు," అన్నారట.

రానిది అదొక్కటే అయితే ఊరుకుందును. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి. లక్షాధికారి అయినా సరే, అడిగే హక్కుంది. ఇంకా వింత ఏమిటంటే, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షను ప్రకారం ఆ కోర్టులో వకీలుని పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదు. అవసరమనుకుంటే కోర్టే ఒక న్యాయ నిపుణుడి సాయం తీసుకోవచ్చు. మొగుడూ పెళ్ళాల గొడవ నల్లకోట్లు లేకుండా తేలాలని ఆ చట్టం చేసినవాళ్ళ ఆశ. ఇవాళ ఏ ఫ్యామిలీ కోర్టు వరండాలోకి వెళ్ళినా ఆ ఆశకి ఏం గతి పట్టిందో కళ్ళకి కనిపిస్తుంది.

*

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఒక చరిత్ర. ఎంత అన్నది ఇంకో చరిత్ర. నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ రెండోదే.

ఇంగ్లండులో బారిష్టరుకి ఇచ్చేది కూలి కాదు, సంభావన. అడిగి పుచ్చుకోకూడదు, ఇవ్వకపోతే దావా వేయకూడదు. దీన్ని స్థిరపరచిన తీర్పు 1863 నాటిది. పేషెన్స్ స్విన్‌ఫెన్ అనే వితంతువు మామగారు రాసిచ్చిన ఎస్టేటు కోసం పోరాడింది. మొదటి వకీలు ఆమెకి ఇష్టం లేకుండానే రాజీ చేసేశాడు. ఆమె ఒప్పుకోలేదు. చార్లెస్ రాన్ కెనెడీ అనే బారిష్టరు కేసు చేపట్టి గెలిపించాడు. ఇరవై వేల పౌన్లు ఇస్తానని ఆమె మాటిచ్చిందని అతని వాదన. తర్వాత ఆమె ఇంకొకరిని పెళ్ళి చేసుకుంది, డబ్బు రాలేదు. కెనెడీ దావా వేస్తే జ్యూరీ అతని పక్షానే నిలిచింది గానీ, పై కోర్టు కొట్టేసింది. కేసు నడుస్తున్నప్పుడు బారిష్టరూ కక్షిదారూ చేసుకున్న ఫీజు ఒప్పందానికి చట్టంలో విలువ లేదని తేల్చింది. కష్టంలో ఉన్న మనిషి ఎంతకైనా తలూపుతుందనే భయం ఆ తీర్పు వెనక ఉంది.

మన దేశంలో ప్లీడర్ల పద్ధతి వేరు. వాళ్ళు ఫీజు అడగవచ్చు. అయితే 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ఒక షరతు పెట్టింది. ప్లీడరు కక్షిదారుతో ఫీజు ఒప్పందం చేసుకుంటే అది కాగితం మీద ఉండాలి. కక్షిదారు సంతకం ఉండాలి. పదిహేను రోజుల్లోగా దాన్ని కోర్టులో దాఖలు చేయాలి. లేకపోతే చెల్లదు. పైగా ఆ ఒప్పందం న్యాయంగా లేదని తోస్తే జడ్జి ఫీజు తగ్గించవచ్చు, ఒప్పందం మొత్తం కొట్టేయనూవచ్చు.

ఇది చదివినప్పుడు నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. పాల పద్దు గోడ! 1879లో! రెండు పక్షాలూ చూడగలిగే చోట రాసి ఉండాలి, పేచీ వస్తే మూడో మనిషి చూడాలి.

ఆ గోడని 1926లో తుడిచేశారు. బారిష్టర్లనీ వకీళ్ళనీ ఒక తాటి మీదికి తెచ్చే పనిలో లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టం వచ్చింది. వకీలు తన కక్షిదారుతో ప్రైవేటుగా ఫీజు మాట్లాడుకోవచ్చు, ఇవ్వకపోతే దావా వేయవచ్చు అంది. పాత చట్టంలో కాగితం, దాఖలు, జడ్జి పరిశీలన చెప్పే సెక్షన్లు రద్దయ్యాయి. న్యాయంగా చెప్పాలంటే ఆ చట్టం వకీళ్ళకి హక్కు మాత్రమే ఇవ్వలేదు. పనిలో నిర్లక్ష్యం చేస్తే, వకీలునన్న కారణంతో తప్పించుకోవడానికి లేదని కూడా రాసింది. ఫీజుకి దావా వేసే హక్కూ, దావాకి దొరికే బాధ్యతా ఒకే చట్టంలో వచ్చాయి. కానీ హక్కు వాడుకునేవాళ్ళకి కోర్టు వరండా ఇల్లులాంటిది. బాధ్యత అడగాల్సినవాళ్ళు అక్కడికి జీవితంలో ఒకసారి వస్తారు, అదీ ఏడుస్తూ వస్తారు.

కోర్టుల్లో అడ్వకేట్ల ఫీజు నిబంధనలు అని ఇప్పటికీ ఉన్నాయి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి ఖర్చుల కింద ఎంత ఇవ్వాలో లెక్కకట్టడానికి ముఖ్యంగా అవి పనికొస్తాయి. సొంత కక్షిదారు దగ్గర ఇంతకు మించి తీసుకోకూడదని అవి పట్టి ఆపవు.

*

అయితే శాతం మాట? అక్కడ మాత్రం చట్టం గట్టిగా ఉంది. కేసు ఫలితంలో వాటా అడగకూడదని, ఫలితాన్ని బట్టి ఫీజు పెట్టకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఉంది. దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఒకటి మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే వచ్చింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్త పోయిన ఒక ఆవిడ నష్టపరిహారం కోసం పోరాడింది. ఫీజు కింద పది లక్షలు కట్టాక కూడా ఇంకో మూడు లక్షలకి బలవంతంగా చెక్కు రాయించుకున్నారని ఆమె వాదన. ఖాతాలో డబ్బు లేదు, చెక్కు వెనక్కి వచ్చింది. వకీలు ఆమె మీద చెక్ బౌన్స్ కేసు పెట్టాడు. హైకోర్టు ఆ కేసు కొట్టేయనంది. 2017 డిసెంబర్ 5న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ కొట్టేశారు. కోర్టులో వచ్చిన డబ్బులో శాతం కింద ఫీజు అడగడం ప్రజాహితానికి విరుద్ధం, వృత్తి దుష్ప్రవర్తన అన్నారు. ఫీజుల విషయంలో చట్టం తేవాల్సిన అవసరాన్ని గుర్తు చేస్తూ 1988 నాటి లా కమిషన్ 131వ నివేదికని కూడా ప్రస్తావించారు. ఆ చట్టం ఇంకా రాలేదు.

ఫైలు ఆపుకోవడం గురించి తీర్పు ఇంకా పాతది. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు తన వకీలుని తీసేస్తే, 97,100 రూపాయల ఫీజు బాకీ కడితే గాని ఫైళ్ళు ఇవ్వనన్నాడు ఆయన. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఫీజు బాకీకి కక్షిదారు కాగితాల మీద వకీలుకి పట్టు లేదని తేల్చింది. బాకీ ఉంటే దావా వేసుకోవాలి, కాగితాలు ఇచ్చేయాలి. బ్యాంకులో పనిచేసినదాన్ని, తాకట్టు అంటే ఏమిటో నాకు తెలుసు. అమ్మితే డబ్బొచ్చేది తాకట్టు. బుజ్జి టెన్త్ మెమో మోండా మార్కెట్లో ఎవరు కొంటారు? దాన్ని ఆపుకోవడంలో ఉన్న బలమంతా దాని అవసరమే.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఇదంతా విని, అక్కడ యాక్సిడెంటు కేసుల్లో శాతం తీసుకోవడం మామూలే అన్నాడు. నిజమే. కానీ అక్కడి బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లోనే విడాకులు వచ్చినందుకు గాని, వచ్చిన భరణాన్ని బట్టి గాని ఫీజు పెట్టకూడదని ఉంది. వాడుండే కాలిఫోర్నియాలో వెయ్యి డాలర్లు దాటే పనికి మామూలుగా ఫీజు కాగితం రాసుకోవాలి. ఫీజు మీద పేచీ వచ్చి కక్షిదారు మధ్యవర్తి కావాలంటే వకీలు కాదనలేడు. మనం 1926లో వదిలేసిన దానికి దగ్గర దగ్గరగా వాళ్ళు ఇప్పుడున్నారు.

మనకి మధ్యవర్తి ఎవరు? వినియోగదారుల ఫోరం అనుకునేవాళ్ళు చాలాకాలం. 2007లో జాతీయ కమిషన్ సరేనంది. 2024 మే 14న సుప్రీంకోర్టు కాదంది. వకీలు కక్షిదారు చెప్పినట్టు నడుచుకునే మనిషి కాబట్టి ఆ సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని తీర్పు. ఇక మిగిలింది సివిల్ కోర్టు, లేదా రాష్ట్ర బార్ కౌన్సిల్. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చు. ఏడాదిలో తేల్చాలి, లేకపోతే అది ఢిల్లీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పోతుంది. వాళ్ళు మందలించగలరు, సస్పెండు చేయగలరు, పట్టికలోంచి పేరు తీసేయగలరు. ఆ సెక్షను రాసింది శిక్షించడానికి, ఫీజు ఎంతో లెక్క కట్టడానికి కాదు.

*

బుజ్జి కోర్టుకెళ్ళనంది. "ఇంకో కేసంటే నాతోని గాదు పెద్దమ్మా," అంది. దాని మొహం చూస్తే నాకూ అనిపించలేదు. పైగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన పని చేయలేదని కాదు. మూడేళ్ళు ప్రతి వాయిదాకీ నిలబడ్డాడు. పని అయ్యాక ముఖం చాటేసే కక్షిదారుల గురించి ఏ వకీలునడిగినా గంటసేపు చెప్తారు, అదీ అబద్ధం కాదు. కాగితం లేకపోవడం రెండు పక్కలా కోస్తుంది.

ముందు డిక్రీ సంగతి చూశాం. సర్టిఫైడ్ కాపీ వకీలు చేతిలో మాత్రమే ఉండే వస్తువు కాదు. పార్టీ తనంతట తాను కోర్టు కాపీల సెక్షన్లో దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. మూడేళ్ళు ఆ మెట్లెక్కిన పిల్లకి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు పెట్టింది, వచ్చింది. సగం భయం అక్కడే పోయింది.

తర్వాత ఇద్దరం కూర్చుని పద్దు రాశాం. ఫోనులో పంపినవి తారీఖులతో 61,500. చేతికిచ్చినవి వాయిదా చీటీల తారీఖులు చూసి, ఆ రోజు ఎవరు తోడెళ్ళారో, తిరుగుదారిలో ఇరానీ చాయ్ ఎక్కడ తాగారో గుర్తు చేసుకుని రాశాం. అవి ఇంకో ఇరవై ఎనిమిది వేలు. బార్ కౌన్సిల్ నియమాల్లో ఇంకో మంచి సంగతి ఉంది. వకీలు కక్షిదారు డబ్బుకి లెక్క రాయాలి, అందులో ఫీజు కింద వచ్చిందెంత, ఖర్చుల కింద వచ్చిందెంత విడిగా చూపించాలి. అడిగితే, నకలు ఖర్చు కడితే, ఆ లెక్క కాపీ ఇవ్వాలి. కాబట్టి ఉత్తరంలో మేము పోట్లాడలేదు. మా పద్దు జతచేసి, మీ పద్దు కాపీ ఇప్పించండి అన్నాం. ముందు మాట్లాడుకున్న ప్రకారం ఏదైనా బాకీ తేలితే రసీదుకి కడతామన్నాం. శాతం గురించి 2017 తీర్పు, కాగితాల గురించి 2000 తీర్పు చెరో వాక్యంలో ప్రస్తావించాం. రిజిస్టరు పోస్టులో పంపాం.

పది రోజులకి గుమాస్తా ఫోను చేశాడు. ఆఖరి నాలుగు వాయిదాలూ, ఒప్పందం పత్రాలు తయారు చేసిన పనీ కలిపి ఇరవై వేలు అన్నారు. అది న్యాయంగానే తోచింది. చెక్కు రాసిచ్చాం, రసీదు తీసుకున్నాం. మెమో, పెళ్ళి సర్టిఫికెట్టు వచ్చాయి. లెక్క కాపీ మాత్రం రాలేదు. ఆ లెక్క ఆయన దగ్గర అసలు ఉండి ఉండదని నా అనుమానం.

నిరుడు పిల్లవాడిని తండ్రి దగ్గరికి పంపే రోజుల గురించి మళ్ళీ చిన్న తగవు వచ్చింది. ఈసారి బుజ్జి వేరే వకీలు దగ్గరికి వెళ్ళింది, మారేడుపల్లిలో ఉంటుంది, చిన్నమ్మాయే. మొదటి రోజే ఫీజు కాగితం మీద రాసిమ్మని అడిగింది. ఆ అమ్మాయి కాసేపు బుజ్జి వైపు చూసి, "ఇట్ల ఎవ్వరూ అడగరక్కా," అని, లెటర్‌హెడ్ తీసి రాసిచ్చిందట. మొత్తం ఎంత, ఏయే పనికి, ఎప్పుడెప్పుడు, ఖర్చులు విడిగా. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఆ కాగితం నకలు బుజ్జి నా దగ్గర పెట్టింది. దాని వెనకే, ఇచ్చినప్పుడల్లా తారీఖు వేసి నేను పెన్సిలుతో గీతలు పెడుతున్నాను.